రింగ్ ఎక్స్‌పాన్షన్ చేశాను, చేతికొచ్చింది రింగేనా, మామూలు గొలుసా? మాల్డీ చూస్తే తల తిరుగుతోంది

తెల్లకోటు_22

అందరికీ నమస్తే. పాలిమర్లలో నాకిది రెండో ఏడాది. లాక్టైడ్‌ని (రెండు లాక్టిక్ యాసిడ్ ముక్కలు కలిసిన చిన్న రింగ్) టిన్ ఆక్టోయేట్ అనే ఉత్ప్రేరకంతో పాలిమరైజ్ చేయడం వరకు చేయి తిరిగింది, అక్కడ ఇబ్బంది లేదు. ఇప్పుడు గైడ్ గారు రింగ్ ఎక్స్‌పాన్షన్ పద్ధతి చూడమన్నారు. చివర్లే లేని, ఉంగరంలా ఉండే పాలీలాక్టైడ్ కావాలట. చదివినప్పుడు చాలా తేలిగ్గా అనిపించింది, చేశాకే టెన్షన్ మొదలైంది.

చేసింది ఇదీ: డైబ్యుటైల్‌టిన్ డైమెథాక్సైడ్, 1,4-బ్యూటేన్‌డయోల్ కలిపి, వచ్చిన మెథనాల్‌ని లాగేసి, ఏడు పరమాణువుల టిన్ రింగ్ చేసుకున్నాను (ఒక టిన్, రెండు ఆక్సిజన్లు, నాలుగు కార్బన్లు). ఒక వంతు టిన్ రింగ్‌కి 20 వంతుల ఎల్-లాక్టైడ్ వేసి టోలీన్‌లో 80 డిగ్రీల దగ్గర ఉంచాను. మాల్డీలో (అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్) తేలిగ్గా కనపడాలని కావాలనే చిన్న పాలిమర్ పెట్టుకున్నాను. మోనోమర్ అయిపోయాక చల్లటి మెథనాల్‌లో పోస్తే తెల్లటి పొడి వచ్చింది, దిగుబడి కూడా బాగుంది.

జీపీసీలో (అణువుల్ని పరిమాణాన్ని బట్టి విడదీసే పరీక్ష) ఒకటే పీక్, సన్నగా ఉంది, కానీ అణుభారం 5200 చూపిస్తోంది. నేను లెక్కేసింది 3000 లోపు. మాల్డీలో (సోడియం ఉప్పు కలిపాను) 20 లాక్టైడ్ల రింగ్‌కి 2905 దగ్గర పీక్ రావాలి కదా, అక్కడ ఏమీ లేదు. పెద్ద పీక్ 2995 దాటి ఉంది, చిన్నది 2922-2924 మధ్య ఎక్కడో ఉంది, లీనియర్ మోడ్‌లో తీశాం కాబట్టి అంతకంటే కచ్చితంగా చెప్పలేను. ఆ చిన్నది రింగ్‌కి పొటాషియం అంటుకున్నదని నా ఆశ.

నా ప్రశ్నలు మూడు. రింగ్ ఓపెనింగ్‌కీ రింగ్ ఎక్స్‌పాన్షన్‌కీ అసలు తేడా ఎక్కడుంది, రెండిట్లోనూ లాక్టైడ్ రింగ్ తెరుచుకుంటుంది కదా? నా పొడిలో రింగ్ ఉన్నట్టా లేనట్టా? ఇంత కష్టపడి రింగ్ చేస్తే బయోడిగ్రేడబుల్ పాలిస్టర్‌గా దానికి ఏమైనా లాభం ఉందా?

బీకరు_బాబాయ్

మొదటి ప్రశ్నకి చెప్తాను, దాంట్లోనే రెండోదానికి సగం జవాబు దొరుకుతుంది.

లాక్టైడ్ రింగ్ రెండిట్లోనూ తెరుచుకుంటుంది, నిజమే. టిన్ చేసే పని కూడా ఒకటే. లాక్టైడ్‌లోని కార్బొనిల్ (కార్బన్-ఆక్సిజన్ జంట) వచ్చి టిన్‌ని పట్టుకుంటుంది, టిన్ మీదున్న ఆల్కాక్సైడ్ ఆ కార్బొనిల్ మీద దాడి చేస్తుంది, ఎస్టర్ బంధం తెగుతుంది, తెరుచుకున్న లాక్టైడ్ వెళ్లి టిన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య దూరి కూర్చుంటుంది. తేడా అంతా పెరుగుతున్న గొలుసు రెండో చివర ఎక్కడుంది అన్నదాంట్లోనే. మామూలు పద్ధతిలో ఆ చివర గాలిలో వేలాడుతూ ఉంటుంది. మీరు చేసిన టిన్ రింగ్‌లో రెండు చివర్లూ అదే టిన్‌ని పట్టుకుని ఉంటాయి, అందుకని ఎన్ని లాక్టైడ్లు దూరినా రింగ్ పెద్దదవుతుందే గానీ విడిపోదు. కొక్కెం దగ్గర మాత్రమే తెరిచి, ఒక పూస ఎక్కించి మళ్లీ మూసే దండ అనుకోండి. పూసలు పెరుగుతాయి, దండ దండగానే ఉంటుంది, కొక్కెం మాత్రం టిన్.

ఇప్పుడు మీరు చేసిన చివరి పని గుర్తు తెచ్చుకోండి: మెథనాల్‌లో పోశారు. టిన్-ఆక్సిజన్ బంధానికి ఆల్కహాల్ కనపడితే చాలు, చేతులు మార్చేసుకుంటుంది. అసలు మీరు టిన్ రింగ్ తయారు చేసిందే డైమెథాక్సైడ్‌లోంచి మెథనాల్‌ని బయటికి లాగి కదా, ఇప్పుడు దోసెళ్లకొద్దీ మెథనాల్ పోసి ఆ చర్యని వెనక్కి తిప్పారు. కొక్కెం ఊడింది, దండ తెగింది. మీ సీసాలో ఉన్నది మధ్యలో బ్యూటేన్‌డయోల్, రెండు చివర్లా హైడ్రాక్సిల్ ఉన్న మామూలు గొలుసు. ఫ్లాస్క్‌లో ఉన్నంతసేపూ మాత్రం అది రింగే, ఆ మాటలో అబద్ధం లేదు.

ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు, ఈ పద్ధతి పేరే తప్పుదారి పట్టిస్తుంది. రింగ్ ఎక్స్‌పాన్షన్ అనేది చర్య నడిచే తీరుకి పేరు, చేతికొచ్చే పదార్థానికి పేరు కాదు. హాంబర్గ్‌లో క్రిచెల్‌డార్ఫ్ అనే కెమిస్ట్ 1990ల్లో ఇలాంటి టిన్ రింగ్‌లతో వరసగా పని చేశారు, ఆ పనిలో చాలావరకు ఉద్దేశం రింగ్‌ని సీసాలో దాచుకోవడం కాదు. రెండు చివర్లా హైడ్రాక్సిల్ ఉన్న గొలుసుని శుభ్రంగా, కోరుకున్న పొడవులో తీయొచ్చు. లేదా టిన్ ఇంకా ఉండగానే డైయాసిడ్ క్లోరైడో డైఐసోసయనేటో వేసి మల్టీబ్లాక్ పాలిమర్ (గొలుసు ముక్కలు వరసగా అతికింది) చేసుకోవచ్చు.

స్టాక్‌హోమ్‌లోని కేటీహెచ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్‌సన్ బృందం చేసింది నాకు ఇంకా నచ్చుతుంది. టిన్ రింగ్‌లోకి ముందు 1,5-డయాక్సెపాన్-2-ఓన్ ఎక్కించారు, అది మెత్తటి బ్లాక్. అది అయిపోయాక లాక్టైడ్ వేశారు. కొత్తగా వచ్చేది ఎప్పుడూ టిన్ పక్కనే, రెండు వైపులా దూరుతుంది కాబట్టి మెత్తటిది నడుమ మిగులుతుంది, గట్టిది రెండు అంచులకీ వస్తుంది. టిన్ తీసేస్తే ట్రైబ్లాక్ సిద్ధం. మామూలుగా మూడు అంచెల పని రెండిట్లో అయిపోయింది. ఈ పద్ధతి అసలు అందం అక్కడుందని నా అభిప్రాయం, ఉంగరాల మోజు తర్వాత సంగతి.

పూసలలెక్క

బాబాయ్ గారు కెమిస్ట్రీ చెప్పేశారు, నేను అంకెల సంగతి చూస్తాను, ఎందుకంటే ఇందులో ఒక చక్కటి ఉచ్చు ఉంది, సరిగ్గా దాంట్లోనే పడ్డారు మీరు.

ముందు జీపీసీ. పాలీస్టైరిన్ స్టాండర్డ్‌లతో కొలిచారు కదా? టీహెచ్‌ఎఫ్ ద్రావకంలో పాలీలాక్టైడ్‌కి ఆ అంకెని 0.58తో గుణించాలి. 5200 × 0.58 అంటే సుమారు 3016. మీ లెక్క సరిపోయింది, కంగారు అక్కర్లేదు. (పాలీకాప్రోలాక్టోన్ అయితే 0.56.)

ఇక మాల్డీ. లాక్టైడ్ 144.13, ఇరవై కలిపితే 2882.5. రింగ్ అయితే దానికి సోడియం 23 మాత్రమే కలుస్తుంది, 2905.5. అక్కడ ఏమీ లేదన్నారు. సోడియం ఉప్పు మీరే వేసి, సోడియం పట్టుకున్న రింగ్ కనపడకుండా పొటాషియం పట్టుకున్నది మాత్రం కనపడటం జరిగే పని కాదు. ఆ ఆశ వదిలేయండి. అయినా లెక్క చూద్దాం: రింగ్ + పొటాషియం 2921.6, నీటితో మొదలైన గొలుసు (తడి ఉంటే నీరే గొలుసుని మొదలుపెట్టేస్తుంది) + సోడియం 2923.5. రెండిటికీ తేడా రెండే డాల్టన్లు. లీనియర్ మోడ్‌లో ఈ రెండిటినీ విడదీయలేరు, బరువుల్ని ఇంకా సన్నగా విడదీసే రిఫ్లెక్ట్రాన్ మోడ్‌లో తీసి ఐసోటోప్ పీక్‌లు చూడాలి. రింగ్ వచ్చిందని సంబరపడి, తీరా చూస్తే నీళ్ల గొలుసు అని తేలిన వాళ్లలో నేనూ ఒకణ్ని.

మీ పెద్ద పీక్ 2995.6 అనుకుంటాను, అంటే 2882.5 + 90.1 + 23. ఆ 90.1 బ్యూటేన్‌డయోల్‌ది. బాబాయ్ గారు చెప్పిన గొలుసు అదే.

ఇప్పుడు అసలు ఉచ్చు. లాక్టిక్ యాసిడ్ అణుభారం ఎంత? అదీ 90.1. కచ్చితంగా చూస్తే బ్యూటేన్‌డయోల్ 90.068, లాక్టిక్ యాసిడ్ 90.032, తేడా 0.036. మూడు వేల డాల్టన్ల దగ్గర అది సుమారు 12 పీపీఎం (పదిలక్షల్లో 12 వంతులు), మామూలు మాల్డీలో తేల్చుకోవడం కష్టం. దీనివల్ల ఏమవుతుందంటే, ట్రాన్స్‌ఎస్టరిఫికేషన్ (ఎస్టర్ బంధాలు తెగి వేరేచోట అతుక్కోవడం) జరిగి లాక్టైడ్ సగానికి విడిపోయిందనుకోండి (144 కాకుండా 72 అడుగులతో పీక్‌లు వస్తాయి), అప్పుడు నీటితో మొదలై బేసి సంఖ్యలో లాక్టిక్ ముక్కలున్న గొలుసు, బ్యూటేన్‌డయోల్‌తో మొదలై సరి సంఖ్యలో ఉన్న గొలుసు, రెండూ ఒకే చోట కూర్చుంటాయి. మీ చిన్న పీక్ కూడా అంతే: అది నీటితో మొదలైన ఇరవై లాక్టైడ్ల గొలుసు కావొచ్చు, బ్యూటేన్‌డయోల్‌తో మొదలై పందొమ్మిదిన్నర లాక్టైడ్లున్న గొలుసు కావొచ్చు. మొదటిదైతే మీ మోనోమర్ తడిగా ఉంది, రెండోదైతే చర్య ఎక్కువసేపు నడిచింది. జబ్బులు వేరు, మందులు వేరు, మాల్డీకి మాత్రం రెండూ ఒకటే.

అందుకని ఎన్ఎమ్ఆర్‌ని (హైడ్రోజన్లు అణువులో ఎక్కడున్నాయో చూపే పరీక్ష) అడగండి. లోపలి సీహెచ్ 5.16 పీపీఎం దగ్గర, చివరి హైడ్రాక్సిల్ పక్క సీహెచ్ 4.35 దగ్గర, బ్యూటేన్‌డయోల్ ఓసీహెచ్2 సుమారు 4.15 దగ్గర వస్తాయి. మీ గొలుసులన్నీ బ్యూటేన్‌డయోల్‌తోనే మొదలైతే 4.35కీ 4.15కీ నిష్పత్తి 2:4 ఉండాలి. 4.35 దానికంటే పెద్దగా వస్తే నీళ్లు దూరాయని అర్థం. వచ్చేసారి బ్యూటేన్‌డయోల్ బదులు 1,5-పెంటేన్‌డయోల్ లాంటిది వాడితే ఈ తలనొప్పే ఉండదు.

తెల్లకోటు_22

దండం పెట్టాలి మీ ఇద్దరికీ. లాక్టిక్ యాసిడ్, బ్యూటేన్‌డయోల్ ఒకే బరువని నా బుర్రకి తట్టనే లేదు, వారం రోజులుగా ఆ పీక్‌నే చూస్తూ కూర్చున్నాను. ఎన్ఎమ్ఆర్ పాత ఫైల్ తీసి చూశాను, 4.35 కొంచెం పెద్దగానే ఉంది, దాదాపు 2.5:4. అంటే నీళ్లు ఉన్నాయి. లాక్టైడ్‌ని ఒకసారే రీక్రిస్టలైజ్ చేశాను, అది చాలదా?

ఇంకోటి, టిన్ ఊడిపోతే గొలుసే మిగిలేటప్పుడు నిజమైన రింగ్‌ని సీసాలో పెట్టుకోవడానికి దారేది?

అంతులేని_దారం

ముందు నీళ్ల సంగతి, అది తేలకుండా మిగతావి మాట్లాడుకోవడం దండగ. 10 గ్రాముల లాక్టైడ్ అంటే 69 మిల్లీమోల్స్. మోనోమర్ 200కి టిన్ రింగ్ 1 చొప్పున వేస్తే కావల్సిన టిన్ రింగ్ 0.35 మిల్లీమోల్. ఆ లాక్టైడ్‌లో నీరు 0.05 శాతం ఉందనుకోండి, కంటికి పొడిగానే కనపడుతుంది, కానీ అది 5 మిల్లీగ్రాములు, అంటే 0.28 మిల్లీమోల్. మీరు లెక్కపెట్టి వేసిన ఇనిషియేటర్‌కి (గొలుసుని మొదలుపెట్టేది) దాదాపు సమానంగా, మీరు వేయని ఇనిషియేటర్ లోపలే కూర్చుని ఉంది. గొలుసు పొడవు పెంచేకొద్దీ ఈ బాధ ముదురుతుంది. పొడి టోలీన్ నుంచి రెండు మూడుసార్లు రీక్రిస్టలైజ్ చేసి, వీలైతే సబ్లిమేషన్ కూడా చేసి, గాలి, తేమ చొరబడని గ్లవ్ బాక్స్ లోపలే తూకం వేయండి. కాప్రోలాక్టోన్ అయితే కాల్షియం హైడ్రైడ్ మీద ఉంచి డిస్టిల్ చేయడమే.

నిజమైన రింగ్‌కి నాకు తెలిసిన దారులు మూడు.

ఒకటి, టిన్ రింగ్‌నే ఉంచుకుని, కొక్కెం ఊడేలోపు పక్కనే కుట్టు వేయడం. బెల్జియంలో లీజ్ విశ్వవిద్యాలయంలో జెరోమ్ బృందం 2006లో ఇదే చేసింది. కాప్రోలాక్టోన్ అయ్యాక చివర్లో యాక్రిలేట్ తగిలించిన కాప్రోలాక్టోన్ కొన్ని యూనిట్లు ఎక్కించారు. కొత్తవి టిన్ పక్కనే కూర్చుంటాయి కదా, అందుకని ఆ యాక్రిలేట్‌లన్నీ కొక్కేనికి అటూ ఇటూ చేరతాయి. బాగా పలచటి ద్రావణంలో యూవీ వెలుతురు వేస్తే అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, తర్వాత టిన్ పోయినా రింగ్ నిలుస్తుంది. తెలివైన పని, కానీ ఆ మోనోమర్‌ని ముందు తయారు చేసుకోవాలి, మీకున్న సమయంలో నేనైతే దాని జోలికి పోను.

రెండు, లోహమే లేని దారి. ఎన్-హెటెరోసైక్లిక్ కార్బీన్ అనే సేంద్రియ ఉత్ప్రేరకం. స్టాన్‌ఫర్డ్‌లో వేమత్, ఐబీఎంలో హెడ్రిక్ బృందాలు కలిసి 2007లో లాక్టైడ్‌తో చూపించాయి. కార్బీన్ లాక్టైడ్ మీద దాడి చేసి తెరుస్తుంది, ఒక చివర ప్లస్, ఇంకో చివర మైనస్ ఉన్న గొలుసు పెరుగుతుంది, ఏదో ఒక క్షణాన మైనస్ చివర వెనక్కి తిరిగి ప్లస్ చివరని పట్టుకుంటుంది, కార్బీన్ బయటికి పోతుంది, రింగ్ మూసుకుంటుంది. గది ఉష్ణోగ్రత దగ్గర నిమిషాల్లో అయిపోతుంది. మూసిన బంధం మామూలు ఎస్టర్ కాబట్టి మెథనాల్‌లో పోసినా ఊడదు. కానీ ఇక్కడ ఆల్కహాల్‌గానీ నీరుగానీ కొంచెం ఉన్నా గొలుసులు వచ్చేస్తాయి, టిన్ కంటే ఇది ఇంకా గట్టిగా శిక్షిస్తుంది. పైగా రింగ్ ఎప్పుడు మూసుకుంటుందో దానిష్టం కాబట్టి పొడవు మీద టిన్ రింగ్‌లో ఉన్నంత పట్టు ఉండదు.

మూడు, టిన్‌తోనే కానీ ఇంకోలా. క్రిచెల్‌డార్ఫే తర్వాతి ఏళ్లలో బెర్లిన్‌లోని బీఏఎమ్ పరిశోధన సంస్థకి చెందిన వైడ్నర్‌తో కలిసి ఇది చేశారు. ఆల్కాక్సైడ్ బదులు ఫినాక్సైడ్ ఉన్న టిన్ రింగ్ తీసుకుంటే, పెరిగిన గొలుసుకి ఒక చివర ఫినైల్ ఎస్టర్ వస్తుంది. అది మామూలు ఎస్టర్ కంటే తొందరగా లొంగుతుంది. ఎక్కువ వేడిలో మోనోమర్ అయిపోయాక రెండో చివర వచ్చి దాన్ని కొరుకుతుంది, ఫినాల్ భాగం ఊడి రింగ్ మిగులుతుంది. ద్రావకం అక్కర్లేకుండా కరిగిన ముద్దలోనే చేయొచ్చు. మీ దగ్గర టిన్ సామాను ఎలాగూ ఉంది కాబట్టి నా ఓటు దీనికే.

రింగ్ వచ్చిందని రుజువుకి మాల్డీ ఒక్కటి చాలదు. అదే బరువున్న గొలుసుతో పోలిస్తే రింగ్ చిన్న ఉండలా ఉంటుంది, స్నిగ్ధత సుమారు 0.7 వంతు ఉంటుంది, జీపీసీలో ఆలస్యంగా బయటికి వస్తుంది. మాల్డీ, విస్కామీటర్ రెండూ ఒకే మాట చెప్తేనే నమ్మండి.

మట్టిపురుగు

మూడో ప్రశ్నని అందరూ దాటేశారు, నేను చెప్తాను, కొంచెం చేదుగా ఉంటుంది.

రింగ్ అయినంత మాత్రాన మట్టిలో తొందరగా కలిసిపోదు. నీరు కొరికేది ఎస్టర్ బంధాన్ని, అది రెండిట్లోనూ అదే. పైగా రింగ్‌లో మొదటి బంధం తెగినప్పుడు ముక్క ఊడదు, రింగ్ కాస్తా అదే బరువున్న గొలుసు అవుతుంది, అంతే. అందుకే మొదట్లో జీపీసీలో అణుభారం తగ్గాల్సింది పోయి పెరిగినట్టు కూడా కనిపించవచ్చు. అది చూసి పాలిమర్ ఎదుగుతోందని రాసేయకండి.

అసలు కీలకం వేరే చోట ఉంది. పాలీలాక్టైడ్ గాజు స్థితి 55-60 డిగ్రీల దగ్గర వదులుతుంది. పారిశ్రామిక కంపోస్టింగ్‌ని 58 డిగ్రీల చుట్టుపక్కల నడిపినప్పుడు అది బాగా కరిగిపోవడానికి పెద్ద కారణం అదే. మామూలు మట్టి వేడిలో అది గట్టిగా బిగుసుకుని ఉంటుంది, నీరు లోపలికి మెల్లగా పోతుంది, ఏళ్లు పడుతుంది. పాలీకాప్రోలాక్టోన్‌కి ఆ బిందువు మైనస్ 60 డిగ్రీలు, అందుకే మట్టిలోని సూక్ష్మజీవుల లైపేజ్‌లు దాన్ని చక్కగా తినేస్తాయి. మీకు నిజంగా కుళ్లే పాలిస్టర్ కావాలంటే మోనోమర్ ఎంపిక, స్ఫటికత్వం చూసుకోండి. ఆకారం ఆ తర్వాతే.

ఇక టిన్. డైబ్యుటైల్‌టిన్ విషపూరితం. బయోడిగ్రేడబుల్ అని పేరు పెట్టి, అది కుళ్లినప్పుడు మట్టిలోకి ఆర్గానోటిన్ వదలడం ఏం న్యాయం? ఇంప్లాంట్, మందుల మాట ఎత్తేముందు మిగిలిన టిన్ ఎంతో కొలిపించండి.

బీకరు_బాబాయ్

మట్టిపురుగు గారి మాటల్లో టిన్ సంగతి నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను. మెథనాల్‌లో ఒకసారి పోస్తే అంతా పోదు. 1,2-ఈథేన్‌డైథయోల్ వేస్తే అది టిన్‌ని పట్టుకుని ఐదు పరమాణువుల చిన్న డైథయోలేన్ రింగ్ అయిపోతుంది, అది ద్రావకంలోనే కరిగి ఉండిపోతుంది, పాలిమర్ కింద పడుతుంది. వాసన మాత్రం భవనం మొత్తానికి తెలుస్తుంది, హుడ్ లోపలే చేసి గాజు సామానంతా బ్లీచ్‌లో నానబెట్టండి. నేనొకసారి బ్లీచ్ మరిచిపోయాను, నెల రోజులు నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఆకారం ఆ తర్వాతే అన్నదానికి మాత్రం ఒప్పుకోను. పాలీలాక్టైడ్‌ని కరిగించి అచ్చు పోసేటప్పుడు అది పాడవడానికి ఒక కారణం చివరి హైడ్రాక్సిల్, అది వెనక్కి తిరిగి తన గొలుసునే కొరికి లాక్టైడ్‌ని ఊడగొడుతుంది. చివర్లే లేకపోతే ఆ దారి మూసుకుపోతుంది. అందులో టిన్ మిగిలి ఉంటే మాత్రం అది రింగ్ మధ్యలోని ఎస్టర్‌ని కూడా కెలుకుతుంది, కాబట్టి ముందు శుభ్రం చేయాల్సిందే. తిరిగి తిరిగి మీ మాట దగ్గరికే వచ్చాను, సరే.

తెల్లకోటు_22

గైడ్ గారితో మాట్లాడాను. ముందు లాక్టైడ్‌ని మూడుసార్లు రీక్రిస్టలైజ్ చేసి, పెంటేన్‌డయోల్‌తో అదే ప్రయోగం మళ్లీ చేస్తాను, ఇప్పుడు వచ్చిన గొలుసుని పోలికకి ఉంచుకుంటాను. తర్వాత ఫినాక్సైడ్ దారి. మెథనాల్‌లో పోయకముందు ఫ్లాస్క్‌లోంచి కొంచెం తీసి, టిన్ ఉన్నప్పటి రింగ్‌ని ఎన్ఎమ్ఆర్‌లో చూడాలని కూడా ఉంది. డ్యుటీరో క్లోరోఫామ్‌లో నేరుగా తీసేయొచ్చా?

పూసలలెక్క

నేరుగా వద్దు. పాత సీసాలోని క్లోరోఫామ్‌లో కొంచెం ఆమ్లం, కొంచెం నీరు ఉంటాయి, ట్యూబ్‌లోనే కొక్కెం ఊడుతుంది, మళ్లీ 4.35 చూసి ఇక్కడికే వస్తారు. బేసిక్ అల్యూమినా గుండా పోనిచ్చి, వేడిచేసి ఆరబెట్టిన మాలిక్యులర్ సీవ్స్ మీద రాత్రంతా ఉంచి, మూత బిగించే ట్యూబ్‌లో గ్లవ్ బాక్స్ లోపలే నింపండి. అప్పుడు కూడా 4.35 దగ్గర పీక్ కనపడితే అది మీ మోనోమర్‌లోని నీరు కావొచ్చు.